ఈ కార్తీకం నుంచి జపానికి ముడి మాలలే ఇస్తామండి

అందరికీ నమస్కారమండి. పాలకొల్లులో మన కొట్టుకి వచ్చేవాళ్ళకీ, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టి పోస్టులో తెప్పించుకునేవాళ్ళకీ ఒక విషయం ముందే చెప్పేద్దామని రాస్తున్నాను. ఇకనుంచి జపానికని అడిగితే పూసకీ పూసకీ మధ్య ముడి వేసిన మాలే ఇస్తాం, ఎలాస్టిక్ మీద గుచ్చినవీ, ముడి లేకుండా వరసగా ఎక్కించేసినవీ జపం కోసమని అమ్మటం ఆపేశాను. దీనివల్ల 250 ఉన్న పంచముఖి, అంటే అయిదు గీతలుండే రుద్రాక్షల మాల 400 అయింది, తులసి మాల కూడా పెరిగింది. ఎందుకు పెరిగిందని ఇప్పటికే చాలామంది అడిగారు, అడగాల్సిందే, డబ్బులిచ్చేది మీరు కదా, అందుకే ఈ లెక్క.

పూసల రేటు పెద్దగా మారలేదండి, పెరిగిందంతా ముడి కూలి. 108 పూసలు, పైన మేరువు, అంటే లెక్క మొదలూ చివరా తెలియటానికి విడిగా పెట్టే పూస. ఒక పూస ఎక్కించి, ముడి వేసి, ఆ ముడిలో సూది పెట్టి పూసకి ఆనుకునేదాకా జరిపి అప్పుడు బిగించాలి. ఎడంగా పడిందా మాల జారుగా అయిపోద్ది, మరీ బిగిస్తే కర్రలా నిలబడిపోయి వేలి మీద తిరగదు. ఈ పని మనకి నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళు చేసిపెడుతున్నారు. దారం ఎక్కడ లాగాలో ఎక్కడ వదలాలో వాళ్ళ వేళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు, ఆ పని చూస్తుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తది. వాళ్ళడిగిన కూలి ఇస్తున్నాను, అక్కడ బేరం ఆడను, లేసు మీద వాళ్ళ చేతికొచ్చేది ఎంత తక్కువో ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే.

ముడి అంత ముఖ్యమా అంటే, జపం చేసేవాళ్ళకి ముఖ్యమేనండి. మాల మధ్యవేలి మీద వేసుకుని బొటనవేలితో ఒక్కో పూస మనవైపు లాక్కుంటాం, చూపుడువేలు తగలనివ్వం, కళ్ళు మూసుకునే ఉంటాం. ముడి లేని మాలలో పూసలు రెండేసి మూడేసి ఒకేసారి జారిపోతాయి, ఒకటి లాగానా రెండు లాగానా అని మనసు మంత్రం మీంచి లెక్క మీదకి వచ్చేస్తది. ముడి ఉంటే ప్రతి పూస దగ్గరా వేలు చిన్నగా ఆగుద్ది, ఆ ఆగటంలోనే మంత్రం పూర్తిగా నోట్లోంచి వస్తది, తొందరపడం. పైగా పూసలు ఒకదాన్నొకటి రాసుకుని అరిగిపోవు, దారం తెగినా ఒకటో రెండో రాలతాయి గాని మొత్తం మాల నేలపాలవదు. మేరువు దగ్గరికొచ్చాక దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పుకుంటాం కాబట్టి అక్కడ మాత్రం ముడి పెద్దది వేయించి కుచ్చు పెట్టిస్తున్నాను, చీకట్లో కూడా చేతికి తెలిసిపోయేలాగ. లక్ష జపం పెట్టుకున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, ఎంచేతంటే మాలకి 108 తిప్పినా 100 గానే లెక్కేస్తారు, అంటే లక్షకి 1000 మాలలు, అన్నిసార్లు తిరిగే దారం గట్టిదై ఉండాలి.

దారం అంటే గుర్తొచ్చింది. మన తేమకి నూలు దారం ఆగట్లేదండి. కార్తీకంలో తెల్లారగట్ట మెళ్ళో మాలతోనే మునకేసి, ఆ తడి మాలనే డబ్బాలో పెట్టి మూతేసేస్తున్నారు, ఇంక బూజు పట్టక ఏం చేస్తది. నేను నైలాన్ వేయిస్తున్నాను, నూలే కావాలన్నవాళ్ళకి నూలు వేయిస్తాను గాని తడిస్తే నీడన ఆరబెట్టండి, సబ్బు తగలనివ్వకండి, రుద్రాక్షకి అప్పుడప్పుడూ ఒక చుక్క నువ్వులనూనె గుడ్డకి రాసి తుడవండి, చాలు.

ఒకే గీత ఉండే ఏకముఖి రుద్రాక్ష ఉందా అని రోజూ అడుగుతున్నారు. లేదండి, తెప్పించను. జీడిపప్పు ఆకారంలో ఏకముఖి అని అమ్మేది అసలు మనం జపానికి వాడే రుద్రాక్ష చెట్టుదే కాదు, గుండ్రంగా ఉన్నవాటిలో గీతలు చెక్కినవీ, అతికించినవీ ఎక్కువ. నీళ్ళల్లో మునిగితే అసలుది, రాగి నాణేల మధ్య తిరిగితే అసలుది అని వీడియోలు పంపుతున్నారు, వాటిని నమ్మకండి, బాగా ఎండిన మంచి రుద్రాక్ష కూడా తేలుద్ది. చెట్టుకి అన్నిటికన్నా ఎక్కువగా కాసేది పంచముఖే, నేపాల్‌వి పెద్దవి, ఇండోనేషియావి చిన్నవి, జపానికి చిన్నవే చేతికి హాయిగా ఉంటాయి. శివుడికి రుద్రాక్ష, విష్ణువుకి తులసి, అమ్మవారికి స్ఫటికం, లక్ష్మీదేవికి తామర పూసలు అని పెద్దలు చెప్పిన వరసే నేనూ చెప్తాను, అంతకుమించి ఈ మాలకి ఉద్యోగం వస్తది, ఆ మాలకి పెళ్ళవుద్ది అని మన కొట్లో ఎవరూ చెప్పరు.

గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్ళేవాళ్ళు పది పూసల వరసలు అయిదుండే మరియమ్మ జపమాల తెస్తున్నారు, ముస్లిములు జపానికి వాడే 33, 99 పూసల తస్బీలూ వస్తున్నాయి. అన్నీ గుచ్చిస్తాం, అవి ఏ లెక్కలో ఉన్నాయో ఆ లెక్కలోనే. 2001లో ఇటలీ డాక్టర్లు 23 మందిని పరీక్షించి, లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, ఓం మణి పద్మే హుం అన్నా ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి దగ్గరగా నెమ్మదిస్తోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మంత్రం వద్దు, ఊరికే ఊపిరి మీద ధ్యానం చేసుకుంటాను అనేవాళ్ళకి కూడా నేను చెప్పేది అదే, ఒక ఊపిరికి ఒక పూస, కావాలంటే 27 పూసల చిన్న మాల తీసుకోండి. మందులు మాత్రం మానకండి, అది డాక్టరుతోనే మాట్లాడుకోండి.

కార్తీక సోమవారాలు మన ఊరి శివాలయం క్షీరారామానికి వచ్చే జనంతో కొట్లో నిలబడటానికి చోటుండదు, అప్పుడు వచ్చి రేపటికి కావాలంటే కుదరదండి, ముడి తొందరపెడితే పాడవుద్ది. దసరా లోపు ఆర్డర్ చెప్పండి, సగం అడ్వాన్స్ ఫోన్‌పే చేస్తే చాలు. అయ్యప్ప మాల వేసుకునే స్వాములు మెడలో వేసుకునే మాలలకి పాత రేటే, వాటికి ముడి అక్కర్లేదు. ఇంట్లో తాతగారిదో అమ్మమ్మదో తెగిన మాల ఉంటే కొత్తది కొనకండి, ఆ పూసలు ఒక్కటీ పారేయకుండా కవర్లో వేసి తీసుకురండి, కూలి ఒక్కటే తీసుకుని ముడేసి ఇస్తాం, పూసలు తగ్గితే ఆ సైజువి వెతికి కలుపుతాం.