తోడు గోళీ ఒక్కటే మింగితే?

సంపాదకులకు,

మీ ఆరోగ్య పేజీలో విటమిన్ల గురించి తరచూ రాస్తుంటారు కాబట్టి మా ఇంటి సంగతి రాస్తున్నాను.

నా భార్యకు డిప్రెషన్. ఫ్లూఆక్సెటిన్ అనే మందు 20 మిల్లీగ్రాములతో కొంత తేరుకుంది గానీ, పొద్దెక్కినా ముసుగు తీయకపోవడం పోలేదు. డాక్టరు తోడుగా ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ అనే బీ విటమిన్) చిన్న పసుపు గోళీ రాశారు. ఓ పెళ్లిలో చుట్టాలావిడ "ఈ బలం గోళీ చాలదా వదినా, ఆ నిద్రమందులెందుకు?" అన్నదట. అవి నిద్రమందులు కానే కావు. అయినా ఈమెకు ఆ మాట నచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో టికెట్లు లెక్కపెట్టినవాణ్ణి, ఫ్లూఆక్సెటిన్ స్ట్రిప్పులు చేతిలోకి తీసుకోగానే తేడా దొరికింది. మూడు మిగలాల్సిన చోట పద్నాలుగు ఉన్నాయి. డాక్టరు కోప్పడలేదు, మళ్లీ మొదలుపెట్టించారు. ఇప్పుడు స్ట్రిప్పు క్యాలెండర్ మేకుకు వేలాడుతోంది.

బీఫార్మసీ చదివిన మా చిన్నబిడ్డ వెతికి చెప్పింది. బ్రిటన్‌లో కాపెన్, బెయిలీ అనే ఇద్దరు 127 మందికి ఫ్లూఆక్సెటిన్ ఇస్తూ, కొందరికి రోజూ 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, మిగతావారికి ఉత్తుత్తి గోళీ కలిపి పది వారాలు చూశారు. 2000లో ఫలితం వచ్చింది. ఆడవాళ్లకు మేలు కనిపించింది, మగవాళ్లకు లేదు. 2014లో వేల్స్ నుంచి వచ్చిన ఇంకా పెద్ద పరిశోధనలో దానికి పది రెట్లు, 5 మిల్లీగ్రాములు ఇచ్చినా తేడా రాలేదు. రెండింట్లోనూ ఫోలిక్ గోళీ అసలు మందుకు తోడే, బదులు కాదు.

ఇంకో సంగతి. మా ఆవిడ షుగరుకు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది, గుడ్డు కూడా ముట్టదు. రెండూ ఒంట్లో విటమిన్ బీ12ను తగ్గించేవే. బీ12 తక్కువున్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా వేసుకుంటే రక్తం బాగైనట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల్లోపల దెబ్బతింటాయి. అరికాళ్లు మొద్దుబారాయంటే వయసేలే అనుకున్నాను. ఒకరోజు కాలి చెప్పు ఊడి గడప దగ్గరే ఉండిపోతే, తెలియక ఒక్క చెప్పుతోనే గేటు దాకా నడిచొచ్చింది. పరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు నడుస్తున్నాయి.

మెడికల్ షాపులో అడిగితే ఈ గోళీ చీటీ లేకుండానే ఇస్తున్నారు. ఈసారి మీరు ఫోలేట్ గురించి రాస్తే తోటకూర, పెసర్ల దగ్గర ఆపకండి. డిప్రెషన్ మందు సొంతంగా మానొద్దని, ముందు బీ12 పరీక్ష గురించి డాక్టరును అడగమని కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

- ఒక రిటైర్డ్ కండక్టర్, హనుమకొండ