మా వీధి జ్వర సర్వే బృందానికి, గాంధీ ఆసుపత్రి సిబ్బందికి మా కుటుంబం కృతజ్ఞతలు

మా నాన్నగారు కరోనా నుంచి కోలుకుని ఇంటికి చేరారు. ఇప్పుడు ఎవరి చేయీ పట్టుకోకుండా మేడ మెట్లు ఎక్కుతున్నారు. క్షేమసమాచారాలు అడిగిన బంధుమిత్రులందరికీ ఫోన్‌లో జవాబు చెప్పగలిగాం కానీ, ఆయన ప్రాణం నిలబెట్టినవారిలో చాలామంది పేర్లు కూడా మాకు తెలియవు. పీపీఈ కిట్ల వెనుక వారి ముఖాలైనా మేము చూడలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నమస్కారం, 2021 మే నెలలో ఇంటింటి జ్వర సర్వే కోసం హైదరాబాద్‌లోని మా వారాసిగూడ వీధికి వచ్చిన ఆశా కార్యకర్తకు, ఆమె వెంట ఉన్న ఏఎన్ఎం (ఆరోగ్య కేంద్రం నర్సు) గారికి, జీహెచ్ఎంసీ ఉద్యోగికి. నాన్నగారికి అప్పటికి కొద్ది రోజులుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. ఆయాసం లేదు, మాట తడబడలేదు, పొద్దున్నే కాఫీ తాగి పేపరు చదువుకుంటున్నారు. గుమ్మం దగ్గరే వివరాలు రాసుకుని, మందుల కిట్ చేతిలో పెట్టి వారు పక్కింటికి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ ఎండలో వారు తిరగాల్సిన ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. అయినా ఏఎన్ఎం గారు ఆగి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్‌ను ఆయన వేలికి పెట్టారు. అంకె 93 దగ్గర ఊగింది. వేళ్లు చల్లగా ఉంటే సరిగా చూపించదని చెప్పి, అరచేతులు రుద్దుకోమని, వేలు మార్చి మళ్లీ చూశారు. అదే అంకె వచ్చింది. ఆ తర్వాత ఆరు నిమిషాల పాటు వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించి మరోసారి చూస్తే 88కి పడిపోయింది.

ఈ జబ్బులో రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోతున్నా కొందరికి ఊపిరి అందని బాధ తెలియదని, పైకి బాగానే కనిపించడమే వారికి ముప్పు తెస్తుందని ఆవిడ అమ్మకు నెమ్మదిగా వివరించి, మా ఎదుటే 108కి ఫోన్ చేశారు. అంబులెన్స్ వచ్చేదాకా ఆశా అక్క కదలలేదు. ఛాతీ కింద ఒక దిండు, కాళ్ల కింద ఇంకొకటి సర్ది నాన్నగారిని బోర్లా పడుకోబెట్టించారు. వాట్సాప్‌లో తిరుగుతున్న మందుల చీటీ చూసి బంధువులొకరు పంపిన స్టెరాయిడ్ మాత్రలు బల్ల మీద కనబడితే, డాక్టరు చూడకుండా వాటిని ముట్టవద్దని గట్టిగా చెప్పారు. 2020లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వల్ల ఆక్సిజన్ మీద ఉన్నవారిలో మరణాలు తగ్గాయని, ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం దానివల్ల మేలు కనిపించలేదని తరువాత చదివాను. పైగా నాన్నగారికి మధుమేహం ఉంది. సుగరు అదుపు తప్పినవారిని, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారిని బ్లాక్ ఫంగస్ పట్టి పీడించిన నెల అది. ఆ ఒక్క మాటతో ఆమె మాకు ఎంత మేలు చేశారో తలచుకున్నప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది.

గాంధీ ఆసుపత్రి వైద్యులకు, జూనియర్ డాక్టర్లకు, నర్సులకు మేము ఎప్పటికీ రుణపడి ఉంటాం. 2020 మార్చి 2న రాష్ట్రంలో తొలి కేసు బయటపడినప్పటి నుంచి ఈ కొత్త జబ్బు బరువు మోసిన ఆసుపత్రి అది. మందులు వేళకు ఇవ్వడం ఒక ఎత్తయితే, బోర్లా పడుకోవడానికి మొరాయించే పెద్దాయనను "తాతా, ఇంకొక్క అరగంట" అని బతిమాలుతూ, వేళ తప్పకుండా సుగరు చూస్తూ, మాకు ఫోన్ కలిపి ఆయన గొంతు వినిపించడం మరో ఎత్తు. వార్డు ఊడ్చి తుడిచినవారికి, మరుగుదొడ్డిదాకా నడిపించి తెచ్చినవారికి, భోజనం అందించినవారికి కూడా అంతే కృతజ్ఞతలు. 2021 ఏప్రిల్‌లో బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఖాళీ ట్యాంకర్లను ఒడిశాకు పంపి ఆక్సిజన్ తెప్పించుకోవలసిన పరిస్థితి మన నగరానిది. నాన్నగారి ముక్కుకు పెట్టిన గొట్టం దాకా ఆ గాలిని చేర్చిన డ్రైవర్లకు, ప్లాంటు సిబ్బందికి కూడా మా వందనాలు.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. 2020 మార్చి 22న మనమంతా మేడల మీద నిలబడి వీరి కోసం చప్పట్లు కొట్టాం. ఇంటింటికీ తిరిగి జబ్బును వెతికి పట్టుకునే ఆశా కార్యకర్తలకు నేటికీ దక్కుతున్నది పారితోషికమే తప్ప జీతం కాదు. వారి కోరికలు న్యాయమైనవని నేను నమ్ముతున్నాను. వారు వాటిని అడిగినప్పుడు మా కుటుంబం వారి పక్కన నిలబడుతుంది.

కోలుకున్నాక మూడు నెలలు ఆగి టీకా వేయించాలని 2021లో అన్నారు కనుక నాన్నగారు వెంటనే వేయించుకోలేదు. ఆయన కోసం కొన్న ఆక్సీమీటర్‌ను, మిగిలిన మాస్కులను మా బస్తీ ఆరోగ్య కేంద్రంలో అప్పగించాం. మన వీధిలో ఎవరికైనా జ్వరం తగిలితే మొహమాటపడకుండా అక్కడ అడిగి తీసుకోండి. ఇళ్లలో వాడకుండా పడి ఉన్న ఆక్సీమీటర్లు ఉన్నవారు కూడా, బ్యాటరీలు సరిచూసి, అక్కడే ఇవ్వవలసిందిగా ఏఎన్ఎం గారు కోరుతున్నారు.