తలలూపినంత మాత్రాన వార్డు మారదు

సంపాదకుల వారికి,

మన ప్రభుత్వాసుపత్రుల్లో ఏ కొత్త పద్ధతి పెట్టినా వరస ఒకటే. పైనుంచి సర్క్యులర్, సెమినార్ హాల్లో ఓ పూట శిక్షణ, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, వాటి కింద అందరి బొటనవేళ్లు. కొన్ని నెలలు పోయాక చూస్తే రిజిస్టర్లో టిక్కులు పడుతుంటాయి, పని పాత దారినే నడుస్తుంటుంది. ‘స్టాఫ్ మైండ్‌సెట్ మారదండీ’ అనేస్తారు అప్పుడు. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో నర్సుగా చేసి రిటైరైన నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, డ్యూటీ దిగే నర్సు తర్వాత వచ్చే నర్సుకు రోగుల్ని అప్పజెప్పడం నర్సుల టేబుల్ దగ్గర కాదు, రోగి మంచం పక్కనే జరగాలన్నారు. మంచి పద్ధతే. సెలైన్ ఎంత మిగిలింది, సెలైన్ కోసం చేతికి పెట్టిన కాన్యులా దగ్గర వాపు ఉందా, యూరిన్ బ్యాగు నిండిందా అన్నది ఇద్దరూ కళ్లారా చూస్తారు. మీటింగులో ఒక సీనియర్ సిస్టర్ లేచి, ‘పక్క మంచమోళ్లు, వాళ్ల చుట్టాలు వింటుంటే ఈమెకు హెచ్‌ఐవీ ఉన్నదని ఎట్ల చెప్పాలె?’ అని అడిగింది. ఆమె గొంతే అంత, మామూలుగా మాట్లాడినా కొట్లాటలా ఉంటుంది. ‘ప్రతిదానికీ అడ్డం తిరుగుతారు మీరు’ అని కూర్చోబెట్టారు. నిజానికి ఆమె అడిగింది 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెప్పేదే: రోగి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు.

వెనక వరసలో కూర్చున్న ఓ జూనియర్ సిస్టర్ మాత్రం అన్నిటికీ తలూపింది. నైట్ డ్యూటీలో ఒక్కతే ఉన్నప్పుడు వార్డంతా తిరిగి అప్పజెప్పాలంటే పొద్దుటి ఇంజెక్షన్లు ఆలస్యమవుతాయని ఆమెకు తెలుసు. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు, చెప్పలేదు. ఆ పద్ధతి కొన్నాళ్లకే అటకెక్కింది. తప్పెవరిదంటే అందరూ సీనియర్ సిస్టర్ వైపే చూశారు! గుట్టుగా ఉంచాల్సినవి టేబుల్ దగ్గర, మిగతావి మంచం దగ్గర అని ఆ రోజే తేల్చుకుని ఉంటే సరిపోయేది.

ఆసుపత్రిలో రకరకాల మనుషులుంటారు. ఒకరికి కొత్తదంటే హుషారు, రెండు వారాల్లో చల్లబడతారు. ఒకరు ముందు వాదిస్తారు, ఒప్పుకున్నాక మాత్రం ఎవరు తప్పినా ఊరుకోరు. తప్పు జరిగితే మెమో ఇస్తారేమోనన్న టెన్షన్‌తో పాతదాన్నే పట్టుకుని ఉండేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ కలిపి ఒకే ఉపన్యాసం ఇచ్చి, తలూపినవాళ్లను మంచివాళ్లనీ, ప్రశ్నించినవాళ్లను మొండివాళ్లనీ రాసుకుంటే ఏం లాభం?

ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఢిల్లీతో సహా 8 నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. కెనడాలోని ఒంటారియోలో అదే తరహా చెక్‌లిస్టును 101 ఆసుపత్రుల్లో పెట్టాక చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. ఎందుకలా అన్నదానిపై నిపుణుల్లో వాదనలున్నాయి. నా మటుకు నాకు అనిపించేది ఇది. కోత పెట్టకముందు గదిలో ఉన్నవాళ్లంతా పేరు, తమ పని చెప్పుకోవాలన్నది అందులో ఒక అంశం. ఎప్పుడూ మాట్లాడని మనిషి గొంతు ఒక్కసారైనా పెగలడానికే అది. సర్జన్‌గారు తొందరలో ఉన్నారని దానికీ టిక్కు కొట్టేస్తే ఇక మిగిలేది కాగితమే.

అయితే అంతా స్వభావం మీదికి నెట్టేయడం కూడా అన్యాయమే. ఔట్‌సోర్సింగ్‌లో చేసే పేషంట్ కేర్ అమ్మ మీటింగులో మాట్లాడదంటే ఆమె మెతకదని కాదు, కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదని. ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరి మీద పడితే ఎంత ఓపికస్తులైనా చిరాకు పడతారు. ముందు ఖాళీలు నింపి, ఆ తర్వాత స్వభావాల గురించి మాట్లాడితే బాగుంటుంది.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు జిల్లా ఆసుపత్రులు ఇప్పుడు మెడికల్ కాలేజీల బోధనాసుపత్రులు. పాత స్టాఫ్, కొత్తగా వచ్చిన ప్రొఫెసర్లు, హౌస్ సర్జన్లు ఒకే వార్డులో సర్దుకోవాలి. అందుకే సూపరింటెండెంట్లకు ఒక విన్నపం. 2015లో వచ్చిన, ఆసుపత్రుల శుభ్రతకు అవార్డులిచ్చే కాయకల్ప కోసమైనా, ప్రసూతి గదుల లక్ష్య కార్యక్రమం కోసమైనా కొత్త పద్ధతి తెచ్చేటప్పుడు ముందు ఒక్క వార్డులో నెల రోజులు నడపండి. మీటింగులో అందరికంటే చిన్న ఉద్యోగిని మొదట మాట్లాడనివ్వండి, ప్రొఫెసర్‌గారు చివర్న మాట్లాడొచ్చు. పదిమందిలో చెప్పలేనివాళ్లు పేరు లేకుండా రాసి వేయడానికి ఒక పెట్టె పెట్టండి. దాని తాళంచెవి మాత్రం వార్డు ఇన్‌చార్జి దగ్గర ఉండకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
హనుమకొండ