లైట్‌హౌస్‌లు, డంగు సున్నం, పెన్న ఇసుక: మన చిత్రకారుల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మన పనంతా ఒకే అంశం చుట్టూ సాగింది. సముద్రపు ఒడ్డున నిలిచిన పాత లైట్‌హౌస్‌లను చూసి గీయడం, గీసినదాన్ని కట్టడాల రక్షణకు ఆధారంగా పనికొచ్చేలా తయారుచేయడం. సముద్రమే లేని కడపలో ఇదెందుకని కిందటి సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. జవాబు మన పెన్నలోనే ఉంది. చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు, సగిలేరు తెచ్చే ఇసుకను కలుపుకొని పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏరు తెచ్చి పోసిన ఇసుకను అలలు ఒడ్డు వెంబడి నడిపిస్తాయి. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే అది ఎక్కువగా ఉత్తరం వైపే పోతుంది. గండికోట, మైలవరం, సోమశిల జలాశయాల్లో కొంత ఇసుక ఆగిపోతుంది, ఇంకొంత ఏట్లోనే లారీలకెక్కుతుంది. ఆ మేరకు తీరానికి చేరే రాబడి తగ్గుతుంది, అలలు మాత్రం రోజూ తీసుకుపోతూనే ఉంటాయి. నీళ్ల కోసం జలాశయాలు మనకు కావాల్సిందే, అందులో వాదం లేదు. ఒడ్డు సంగతి ఒడ్డున ఉన్నవాళ్లదే అనుకోవడం మాత్రం తప్పు.

కట్టడం ఎంత గట్టిదైనా దాని కింది నేల నిలవాలి. ఇంగ్లండులో ఎడ్డీస్టోన్ రాతిగుట్ట మీద జాన్ స్మీటన్ 1759లో పూర్తిచేసిన గ్రానైట్ స్తంభం రాళ్లు ఒకదానిలో ఒకటి కొరుక్కునేలా చెక్కి పేర్చినవి. శతాబ్దం దాటినా స్తంభం చెదరలేదు, దాని కింది గుట్టనే అలలు తొలిచేశాయి. అందుకే 1882లో పక్కనే కొత్త స్తంభం వెలిగించి, పాతదాని పైభాగాన్ని విప్పి ప్లిమత్ ఊర్లో మళ్లీ నిలబెట్టారు. అమెరికాలో 1870 నాటి కేప్ హాటెరస్ లైట్‌హౌస్ పునాది దగ్గరకు సముద్రం వచ్చేస్తే, 1999లో స్తంభాన్ని మొత్తంగా పట్టాల మీద సుమారు 2,900 అడుగులు లోపలికి జరిపారు. ఈ ఏటి తరగతుల్లో మొదటి పాఠం ఇదే. స్తంభాన్ని ఒంటరిగా గీయొద్దు, దాని కాళ్ల దగ్గరి నేలను కూడా గీయాలి.

గీత సాధన సిద్ధవటం కోట దగ్గర చేశాం. గుండ్రటి బురుజు గీయడం వస్తే లైట్‌హౌస్ సగం వచ్చినట్టే. కాగితాల్లో ఎక్కువగా కనిపించిన తప్పు స్తంభం చుట్టూ వేసే రంగుపట్టీలను అడ్డంగా, స్కేలు పెట్టినట్టు గీయడం. క్షితిజరేఖ, అంటే నింగీ సముద్రం కలిసినట్టు కనిపించే గీత, ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. దానికి పైనున్న ప్రతి పట్టీ నడుమ పైకి లేచి అంచుల్లో కిందికి వంగుతుంది, పైకి పోయేకొద్దీ ఆ వంపు పెరుగుతుంది. ఇసుకలో కూర్చున్నవాళ్లకు దాదాపు అన్ని పట్టీలూ కంటికి పైనే ఉంటాయి. స్తంభం ఎత్తుకు అయిదు రెట్ల దూరం జరిగితే వంపు దాదాపు కనిపించదు, కొత్తవాళ్లు అక్కడినుంచి మొదలుపెట్టడం మేలు. ఇంకో తప్పు, రెండు పక్క గీతలనూ సమాంతరంగా దించడం. చాలా స్తంభాలు కట్టడంలోనే పైకి సన్నబడతాయి, దగ్గరగా నిలబడితే చూపు వల్ల ఇంకా సన్నబడినట్టు ఉంటాయి. మొదట నడిమి గీత నిలువుగా గీసుకుని, అడుగు వెడల్పునూ పై వెడల్పునూ పెన్సిలుతో కొలిచి, రెండు పక్కలా సమంగా గుర్తులు పెట్టుకుంటే స్తంభం ఒరగదు.

దీపపు గదిని నల్లగా నింపేయొద్దు. లోపలి కటకం (లెన్స్) ఎండను ఒకచోటికి పోగుచేసి నిప్పు పుట్టించగలదు కాబట్టి పాత కటకాలున్న చోట పగలు తెరలు వేసి ఉంచుతారు. అప్పుడు గాజు వెనక కనిపించేది తెల్లటి గుడ్డే. పట్టీల సంఖ్య, రంగు మార్చడం అసలు కూడదు. రాత్రి వెలుగు ఎన్ని సెకన్లకోసారి మెరుస్తుందన్నదాన్ని బట్టి ఏ లైట్‌హౌసో నావికుడు గుర్తుపడతాడు. పగలు ఆ పని చేసేది రంగుపట్టీలే. అందం కోసం ఒక పట్టీ తగ్గిస్తే అది వేరే లైట్‌హౌస్ అయిపోతుంది.

దూరపు పడవల సంగతి. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషికి అది నాలుగున్నర కిలోమీటర్లు. అంతకన్నా దూరంలోని ఓడకు అడుగుభాగం నీటి వెనక దాగుతుంది, పైభాగమే గీయాలి. 36 మీటర్ల ఎత్తున్న దీపం దగ్గరినుంచి క్షితిజం 21 కిలోమీటర్లకు పైనే. లైట్‌హౌస్‌ను ఎత్తుగా ఎందుకు కడతారో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

క్షేత్రయాత్రకు చెన్నై, మామల్లపురం ఎంచుకున్నాం. కడప నుంచి రైలు నేరుగా ఉంది, పైగా చెన్నైలో నాలుగు తరాల దీపాల జాడలు ఒకే ఊర్లో దొరుకుతాయి. 1796లో మొదటి దీపం సెయింట్ జార్జ్ కోటలోని భవనం పైన, ఇప్పుడు మ్యూజియం ఉన్నచోట వెలిగింది. 1844 నాటి డోరిక్ (ప్రాచీన గ్రీకు శైలి) స్తంభం హైకోర్టు ఆవరణలో ఉంది. 1894లో దీపాన్ని హైకోర్టు గోపురం మీదికి మార్చారు. ఇప్పుడు పనిచేస్తున్నది మెరీనాలోని 1977 నాటి స్తంభం. ఇది మూడు పలకలది కాబట్టి ఇక్కడ బురుజు సాధన పనికిరాదు. దగ్గరి అంచు దగ్గర పట్టీ ఎత్తుగా ఉండి, రెండు పలకల మీదా క్షితిజం వైపు దిగుతుంది. మామల్లపురంలో కొండ మీది పల్లవుల ఒలక్కణ్ణేశ్వరాలయం పైకప్పునే 19వ శతాబ్దంలో దీపానికి వాడుకున్నారు. తర్వాత పక్కనే రాతి స్తంభం కట్టారు. దానికి రంగు వేయలేదు, రాయి రంగే దాని రంగు. ఆలయం, స్తంభం రెండూ ఒకే కాగితంలో వచ్చేలా గీసినవే ఈ యాత్రలో మేలైన బొమ్మలు.

నీటిరంగుల విషయంలో కడప అలవాట్లు సముద్రం దగ్గర చెల్లవు. మన ఎండలో పూత అంచు నిమిషంలో ఆరిపోతుంది కాబట్టి కాగితాన్ని రెండువైపులా తడిపి ప్లాస్టిక్ పలక మీద అతికిస్తాం, కప్పు నీళ్లలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ వేస్తాం. ఒడ్డున గ్లిజరిన్ వేస్తే పూత సాయంత్రానికి కూడా ఆరదు, మూటకట్టి తెచ్చిన కాగితాలకు బూజు పడుతుంది. ఎర్రపట్టీ వేసేముందు చేతి వెనకభాగం కాగితానికి ఆనించి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఎరుపు తెలుపులోకి పాకుతుంది. సముద్రపు నీళ్లతో రంగు కలపడం సరదాగా ఉంటుంది గానీ ఆ ఉప్పు కాగితంలోనే ఉండిపోయి ముసురు పట్టినప్పుడల్లా చెమరుస్తుంది. మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు రంగులకే విడిగా పెట్టుకోవాలి. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) నూలు కాగితం, బొమ్మ నిలబెట్టే ఈజిల్ కాళ్లకు కట్టడానికి ఇసుక సంచి, తెల్ల గొడుగు తప్పనిసరి. రంగు గొడుగు నీడ కాగితానికి పట్టి వర్ణాలు తప్పుతాయి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు వెలిసిపోతుంది, పట్టీలకు వాడొద్దు.

ఈ ఏడు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది మన ఆవరణలో చేసిన సున్నపు గోడ మచ్చు. పాత తీర కట్టడాలు ఎందుకు పొట్టు రాలుస్తాయో కళ్లారా చూడాలని ఇటుక గోడ మీద మూడు పలకలు చేశాం. మూడింటికీ అడుగున డంగు సున్నమే, అంటే ఇసుకతో కలిపి గానుగ పట్టిన సున్నపు గార. కాల్చిన సున్నపురాయిని తొట్టిలోని నీళ్లలో కొద్దికొద్దిగా వేసి తడిపాం. రాయి మీద నీళ్లు పోయకూడదు, ఉడికి కళ్లలోకి చిమ్ముతుంది. వెన్నలా మారినదాన్ని నీళ్లు ఆరకుండా నెలకు పైగా మాగనిచ్చాం. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక గానుగ పట్టి, 12 మిల్లీమీటర్ల మందాన మెత్తి, తడి గోనెపట్టాలు కప్పి రెండు వారాలు ఉంచాం. కడప ఎండకు వదిలేస్తే సున్నం గట్టిపడదు, వేలికి పిండిలా అంటుకుంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) పీల్చుకుని రాయిగా మారడానికి దానికి తడి కావాలి.

మొదటి పలకకు పలచటి సున్నం వెల్ల రోజుకొకటి చొప్పున అయిదు పూతలు వేశాం. రెండోదానికి సిమెంటు పూత. మూడోదానికి ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు. తర్వాత గోడ వెనకనుంచి ఉప్పునీళ్లు పట్టించాం. వెల్ల వేసిన పలక మీద ఉప్పు తెల్లటి పొడిగా పైకి వచ్చింది, పొడి కుంచెతో దులిపితే పోయింది. ఎమల్షన్ బొబ్బలెక్కింది, గీకి చూస్తే దాని వెనక ఉప్పు పేరుకుని డంగు సున్నం మెత్తబడి ఉంది. సిమెంటు పలక చాలా రోజులు బాగానే కనిపించి, తర్వాత కింది గారను కూడా పట్టుకుని పెళ్లలుగా ఊడింది. కారణం ఇది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు కరుగుతుంది, తగ్గితే గడ్డకడుతుంది. తీరంలో గాలి తేమ ఈ గీతను పదేపదే దాటుతుంటుంది. గడ్డకట్టినప్పుడల్లా ఉప్పు రాతి సందులను నెడుతుంది. పైపూత తడిని బయటికి వదిలేదైతే ఆ గడ్డలు బయట కడతాయి, వదలనిదైతే గోడ లోపల కడతాయి. పాత సున్నపు కట్టడానికి ఇప్పటి రంగు డబ్బా మంచి చేస్తుందనుకోవడం చాలా ఊళ్లలో గుడులకూ కోటలకూ చేటు చేస్తోంది.

లోపలికి పట్టిన ఉప్పును తీయడానికి కాగితపు గుజ్జు పట్టీ వేసి చూశాం. ఉప్పులేని నీళ్లలో నానబెట్టిన గుజ్జును వేలెడు మందాన అతికించి, పూర్తిగా ఆరాక ఒలిచేయాలి. తడిగా ఉండగా తీస్తే ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది. మామల్లపురం తీరాలయం మీద పురావస్తు శాఖ వాడిన పద్ధతి ఇదే. అక్కడ గాలిని ఆపడానికి సరుగుడు తోపు, అలలను ఆపడానికి రాళ్లకట్ట కూడా ఉన్నాయి. ఇవన్నీ మన గోడ మీదే చేయాలి. సిద్ధవటం, గండికోట లాంటి రక్షిత కట్టడాల మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. వాటి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం.

బొమ్మ ఆధారంగా నిలవాలంటే వెనకవైపు పెన్సిలుతో తేదీ, వేళ, నిలబడ్డ చోటు, చూసిన దిక్కు, స్తంభం అడుగునుంచి అలల గుర్తుకూ పచ్చిక మొదలయ్యే చోటుకూ అడుగుల లెక్క రాయాలని తీర్మానించాం. ఎత్తు తెలియకపోతే నీడతో కొలవొచ్చు. మీటరు కర్ర నీడ 1.25 మీటర్లు, స్తంభం నీడ కొస నుంచి పునాది నడిబొడ్డుకు 42.5 మీటర్లు ఉంటే ఎత్తు 34 మీటర్లు. గోడ అంచు నుంచి కొలిస్తే స్తంభం మందంలో సగం మేర నీడ తగ్గి, లెక్క తప్పుతుంది. దక్షిణ భారతాన్ని సర్వే చేసిన బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన చిత్రకారులు గీసిన కోటల బొమ్మలు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా పనికొస్తున్నాయంటే, వాళ్లు చూసినదాన్ని చూసినట్టు గీశారు కాబట్టే.

జమాఖర్చుల పట్టిక విడిగా అందజేశాం, చందా బకాయిలు ఉన్నవారు ఈ నెలాఖరులోగా కట్టగలరు.

వచ్చే ఏడు కృష్ణపట్నం, ఇసకపల్లి లైట్‌హౌస్‌లకూ పెన్న సంగమానికీ వెళ్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. లోపలికి వెళ్లడానికి, ఫోటోలకు దీపస్తంభాల శాఖ అనుమతి ముందుగా అడగాలి, డ్రోన్లు తేవద్దు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి చీకటి పడ్డాక ఇసుకలో టార్చి వేయకూడదు. ఇసుక తిన్నెల మీది తీగలను తొక్కకుండా ఒకే దారిన నడవాలి. పేర్లు ఇచ్చేవాళ్లు సిద్ధవటం దగ్గర పెన్న ఇసుక ఒక చిన్న సీసాడు తీసుకురండి. సంగమం దగ్గరి ఇసుకతో పక్కపక్కనే పెట్టి రేణువు, రంగు పోల్చి గీద్దాం.