పొగ తగ్గితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

డీజిల్‌తో పాటు గ్యాస్ మీద కూడా నడిచే డ్యూయల్ ఫ్యూయల్ ఇంజన్ల గురించి ఈ మధ్య గొప్పగా రాస్తున్నారు. నేను అనంతపురంలో జనరేటర్లు, పంపుసెట్లు రిపేరు చేసే మెకానిక్‌ని. వాళ్లు వదిలేస్తున్న సంగతి ఒకటుంది.

ఈ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. బయోగ్యాస్ అయినా సీఎన్‌జీ అయినా గాలితో కలిసి లోపలికి పోతుంది గానీ, అందులోని మీథేన్ తనంతట తాను అంటుకోదు. నాజిల్ కొట్టే కాస్త డీజిలే దాన్ని అంటించాలి. గ్యాస్ వాల్వు తిప్పేకొద్దీ, ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరే డీజిల్ తగ్గించేస్తుంది. ఫుల్ లోడు మీద చూస్తే ముచ్చటేస్తుంది. సైలెన్సర్ దగ్గర తెల్లగుడ్డ పట్టినా మసి అంటీ అంటనట్టే ఉంటుంది. ఓనరు సంతోషపడి అందరికీ టీ చెప్తాడు.

కానీ మన దగ్గర ఫుల్ లోడు మీద నడిచేవి ఎన్ని? కరెంటు పోతే ఫంక్షన్ హాల్లో నాలుగు ఫ్యాన్లు, లైట్లు. శనక్కాయల మిల్లులో బస్తా బస్తాకీ మధ్య ఇంజన్ ఊరికే తిరుగుతుంటుంది. లోడు తగ్గినప్పుడు గాలిలో గ్యాస్ మరీ పలచబడి, డీజిల్ మంట దాన్నంతా అందుకోలేదు. కాలని మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసి బయటికి పోతాయి. కంటికి కనపడవు కాబట్టి ఎవరూ అడగరు. నూరేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 28 రెట్లు. పైగా అది డబ్బు పోసి కొన్న గ్యాసే కదా!

దీనికి మందు లేకపోలేదు. గ్యాస్ కాలకుండానే నేరుగా బయటికి పోకుండా, పొగ పోయే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్నాకే ఒక్కో సిలిండర్‌కు విడిగా గ్యాస్ కొట్టే ఇంజెక్టర్లు, లోడు తగ్గితే మళ్లీ డీజిల్‌కే మారే కంట్రోళ్లు ఉన్నాయి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లయితే పెట్రోలును గాలితో, డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకి ఇచ్చి, లోడును బట్టి పాళ్లు మార్చే ఆర్‌సీసీఐ పద్ధతి మీద ఏళ్లుగా పనిచేశారు. డీజిల్ ఇంజన్‌ను గ్యాస్‌కు మార్చడానికి మాలాంటివాళ్లు బిగించే కిట్లలో మాత్రం గాలి పైపుకు ఒక మిక్సరు, ఒక వాల్వు. అంతే.

జేఎన్‌టీయూ మా ఊర్లోనే ఉంది. మెకానికల్ పిల్లలు పాత సింగిల్ సిలిండర్ ఇంజన్ ఒకటి తీసుకుని, పావు లోడు, సగం లోడు దగ్గర మీథేన్ ఎంత పోతోందో కొలిచి చెప్పాలి. కిట్లు అమ్మేవాళ్లు కూడా ఫుల్ లోడు రీడింగు పక్కన పావు లోడు రీడింగు రాసివ్వాలి. ఇంజన్ విప్పి బిగించే పని, బయోగ్యాస్ తినేసిన బుష్షులు మార్చే పని మేం చూసుకుంటాం.

– ఒక డీజిల్ మెకానిక్, అనంతపురం