బుజ్జి మందగించాడన్నావు

నాటింగ్‌హామ్
ఆదివారం, మధ్యాహ్నం

అమ్మకి,

మొన్న ఫోన్లో ఊళ్లో కబుర్లన్నీ చెప్పి, పెట్టేసే ముందు ఒక్క మాట అన్నావు. "బుజ్జి ఈమధ్య మందగించాడే. మేడెక్కి రైళ్లు చూడటం కూడా మానేశాడు. పిలిస్తే పలకడు. వాడికీ వయసొస్తోంది కదా" అని. నువ్వు పెట్టేసి పడుకున్నావు, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో పప్పు చూసొస్తానంటావు, నాన్న టీవీ తగ్గించరు. అందుకే రాస్తున్నాను. నాన్నకీ చదివి వినిపించు.

ముందు అసలు సంగతి. వాడు మందగించింది వయసు వల్లే అనుకుని ఊరుకోవద్దు. మన బుజ్జిలాగా పుట్టుకతో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి థైరాయిడ్ తగ్గడం మామూలు. తగ్గిందంటే మత్తు, ఒళ్లు రావడం, దేనిమీదా మనసు లేకపోవడం. చెవిలో గులిమి గట్టిపడటం కూడా వీళ్లకి ఎక్కువ, చెవి రంధ్రం సన్నగా ఉంటుంది. శుక్లాలు మనకంటే ముందే రావచ్చు. పిలిస్తే పలకట్లేదంటే వినపడట్లేదేమో. రైళ్లు చూడట్లేదంటే కనపడట్లేదేమో, మెట్లు భయమేస్తున్నాయేమో. థైరాయిడ్‌కి రక్తపరీక్ష, చెవి, కన్ను, ఈ మూడూ ఈ వారంలో చూపించు. నలభై, యాభైల్లో వీళ్లకి అల్జీమర్స్ మనవాళ్లకంటే చాలా ముందుగా వచ్చే మాట నిజమే. 21వ క్రోమోజోమ్ వాళ్లకి మూడు ఉంటాయి, మెదడులో పేరుకునే ఆ ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువు దానిమీదే ఉంది. కానీ వాడికింకా 37. అది అన్నీ చూశాక ఆలోచించేది, ముందే కాదు.

చిన్నప్పుడు వాడు చెంప వాయించుకుంటుంటే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, గుర్తుందా? "ఇలాంటి పిల్లలు అంతేనమ్మా" అని నిద్రకి మందు రాశాడు. పదిహేను రోజులకి దవడ వాచింది. చూస్తే పుచ్చిపోయిన పన్ను. ఆయన్ని ఇప్పటికీ తిట్టుకుంటాం కదా. "వయసొస్తోంది కదా వాడికీ" అని మనం అంటున్నది కూడా ఆయన మాటే.

ఇక్కడ నా ఉద్యోగం లెర్నింగ్ డిజబిలిటీ ఉన్నవాళ్లకి తోడుండటం. ఇక్కడ ఆ మాటకి అర్థం మన బుజ్జిలాంటి వాళ్లు. మన దగ్గర ఆ మాట చదువులో అక్షరాలు తడబడే పిల్లలకి వాడతారు కాబట్టి నేనేదో ట్యూషన్ చెబుతున్నానని పక్కింటి అత్తయ్య అనుకుంటోంది, ఆవిడకి చెప్పు. ఈ దేశంలో పద్నాలుగేళ్లు దాటిన ఇలాంటివాళ్లకి ఏడాదికోసారి డాక్టరు ఒళ్లంతా చూస్తాడు. జబ్బు ఉన్నా లేకపోయినా. "నాకు ఇక్కడ నొప్పి" అని చెప్పలేనివాడి దగ్గర, చెప్పేదాకా ఆగడంలో అర్థం లేదు కదా. బుజ్జికి మనమే ఆ పని పెట్టుకుందాం. ఏటా దసరా అయిన వారం. దుర్గగుడికి ఎలాగూ బయల్దేరదీస్తావు, ఆ ఊపులోనే.

నేను చూసుకునే పెద్దాయన సంగతి చెప్పాలి. అరవై ఆరేళ్లు. ఐదేళ్లప్పుడు తల్లిదండ్రులు ఊరి బయట ఉన్న పెద్ద ఆస్పత్రిలో వదిలేశారు. అప్పట్లో అదే పద్ధతి, డాక్టర్లే అలా చెప్పేవాళ్లు. ఆ ఆస్పత్రులు మూతపడే రోజుల్లో, ముప్పై దాటాక బయటికొచ్చాడు. ఇప్పుడు అద్దె ఇల్లు ఆయన పేరునే ఉంది. మేం వంతులవారీగా వెళ్లి తోడుంటాం. కొత్తలో ఒకరోజు టీ పెట్టుకుంటున్నాడు. చెయ్యి వణుకుతోంది, నీళ్లు ఒలుకుతున్నాయి. నేను గబుక్కున కెటిల్ అందుకున్నాను, బుజ్జి చేతిలోంచి నువ్వు పాలగిన్నె అందుకున్నట్టే. ఆయన ఏమీ అనలేదు. నా చేతిని నెమ్మదిగా తీసి పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కప్పు ఏ అలమరలో ఉందో తలుపు మీద బొమ్మ అంటించి ఉంటుంది. టీ పొడి సంచీ, పాలు, చక్కెర రెండు చెంచాలు. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత నాకూ ఒక కప్పు పెట్టాడు, చల్లారిపోయిన టీ. మా మేనేజరు అంది, "నీ ఉద్యోగం టీ పెట్టడం కాదు, చేతులు కట్టుకుని నిలబడటం" అని. అమ్మా, ఆ ఉద్యోగం ఎంత కష్టమో నీకు తెలుసు. ముప్పై ఏడేళ్లుగా నువ్వు చెయ్యలేకపోయింది అదే.

కోప్పడకు. నువ్వు చెయ్యకపోతే వాడు ఇన్నాళ్లు ఇలా ఉండేవాడు కాదు. కానీ చొక్కా గుండీలు వాడు పెట్టుకోగలడు, నేనక్కడున్నప్పుడు పెట్టుకున్నాడు. రెండు వంకరగా పెట్టుకున్నాడు, పెట్టుకోనీ. కిరాణా కొట్టుకి చీటీ ఇచ్చి పంపు. ఏం కూర కావాలో వాడినే అడుగు. రోజూ బంగాళాదుంప వేపుడే అంటాడు, అననీ. తెలివితక్కువగా నిర్ణయించుకున్నంత మాత్రాన నిర్ణయించుకునే శక్తి లేదని కాదని ఇక్కడ 2005లో చేసిన చట్టంలోనే రాశారు. నాన్న ఆ పాత స్కూటర్ అమ్మకపోవడం ఏం తెలివి? ఆయన్ని మనం అడిగామా?

ఇంగ్లండు గొప్ప చెబుతున్నాననుకోకు. 2011లో బ్రిస్టల్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇలాంటివాళ్లని సిబ్బందే కొట్టి హింసించడం టీవీవాళ్లు రహస్య కెమెరాతో తీసి చూపించారు, పదకొండు మందికి శిక్షలు పడ్డాయి. మా పెద్దాయనకి చుట్టూ ఉన్నదంతా జీతం తీసుకుని వచ్చేవాళ్లమే, ఆర్నెల్లకి ఒకరు మానేస్తారు. పుట్టినరోజున కార్డులన్నీ మా ఆఫీసునుంచే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవ రాగానే మన వీధి కుర్రాళ్లు "ముందు బుజ్జిని దించండి" అని అరిచారని నువ్వే చెప్పావు. ఆ మాట అనేవాళ్లు ఈ పెద్దాయనకి ఒక్కరు లేరు.

అయితే ఆ కుర్రాళ్లకి వాడు ఏ మందు మింగుతాడో తెలియదు. ఒక తెల్లకాగితం తీసుకుని రాయి. ఎర్రసిరాతో: ఏ మందులు, ఏది పడదు, నొప్పి వస్తే వాడు ఎలా చెబుతాడు (కుడి చెంప పట్టుకుంటాడు, అన్నం వద్దంటాడు). తర్వాత వాడి అలవాట్లు, భయాలు. చివర వాడికి ఇష్టమైనవి. ఇక్కడ ఇలాంటివాళ్లలో చాలామంది దగ్గర ఇలాంటిది ఉంటుంది, ఆస్పత్రికి వెళ్తే ముందు అది చూపిస్తారు. మన వాడిది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు.

ఇక నాన్నకి. వరదలో తడిసి ముద్దయిన సదరం సర్టిఫికెట్, అదే వాడి వైకల్య ధ్రువపత్రం సంగతి తేల్చండి, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా. మీ తర్వాత అమ్మకి, ఆ తర్వాత బుజ్జికి బతికున్నన్నాళ్లూ ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలు రైల్వేలో ఉంది. దానికి వాడి పేరు మీ పీపీవోలో, అంటే పెన్షన్ ఆర్డరు కాగితంలో, ఇప్పుడే ఎక్కించాలి. మీరుండగా అయితే ఒక అర్జీ, మీరు లేకపోతే మాకు ఎన్ని తిరుగుళ్లో. ఇంకోటి, పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులైనా చట్టప్రకారం వాళ్లంతట వాళ్లే వాడి గార్డియన్లు అయిపోరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ని నియమించే స్థానిక కమిటీ జిల్లాకొకటి ఉంటుంది, కలెక్టరే అధ్యక్షుడు. 2022లో ఎన్టీఆర్ జిల్లా వచ్చాక మన కలెక్టరేట్ బెజవాడలోనే, బందరు వెళ్లే పని లేదు. మీ ఇద్దరి తర్వాత ఎవరన్నది బాబాయి వాళ్లబ్బాయితో దసరాకి కూర్చుని మాట్లాడదాం. బుజ్జిని కూడా కూర్చోబెట్టండి. "నేనున్నాను కదా" అని నేను అనొచ్చు గానీ, ఐదువేల మైళ్ల దూరంనుంచి అనే ఆ మాటకి విలువెంతో నాకే తెలుసు.

అన్నట్టు, మా పెద్దాయన్ని ఇక్కడ అందరూ ఇంటిపేరుతో, గౌరవంగా పిలుస్తారు. మనవాడి అసలు పేరు సదరం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. నేనూ ఉత్తరమంతా బుజ్జి అనే రాశాను చూడు.

రక్తపరీక్ష కాగితం రాగానే ఫొటో తీసి పంపు. వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. ఫోన్ వాడి చేతికివ్వు. మాట్లాడటానికి ఎంతసేపు తీసుకున్నా నువ్వు పక్కనుంచి అందించకు. ఇక్కడ ఆదివారం నాకు సెలవే, ఆగుతాను.

నీ పెద్దమ్మాయి