శుక్రవారం పొద్దున గాబు తోమండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన ప్రకాశం జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తుపాను, ముసురు, వాటి వెనకాలే జ్వరాలు. ఆరు, ఏడు తరగతుల్లో ఖాళీ బెంచీలు కనపడుతున్నాయి. అందుకే ఈ నెల మార్కుల సంగతి పక్కన పెట్టి దోమల గురించే రాస్తున్నాను.

"రాత్రి దోమతెర కడుతున్నాం కదా మేడమ్" అని చాలామంది అంటున్నారు. మంచి పని, మానొద్దు. మలేరియా దోమ రాత్రిళ్లే కుడుతుంది. కానీ డెంగీ, చికున్‌గున్యా తెచ్చే దోమ పగటిపూట కుడుతుంది. పిల్లలు పొద్దున బడికి తయారయ్యే వేళ, సాయంత్రం ఆడుకునే వేళ దాని జోరు ఎక్కువ. నల్లగా, కాళ్ల మీద తెల్లటి చారలతో ఉంటుంది. అది మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. పుట్టిన చోటు నుంచి మామూలుగా వంద, రెండు వందల మీటర్లు దాటి పోదు. అంటే మీ పాపను కుట్టిన దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మా బళ్లోనో పుట్టిందే. పంచాయతీ వాళ్లు పొగ కొట్టినా అప్పటికి ఎగురుతున్నవే చస్తాయి. నీళ్లలో ఉన్నవి అలాగే ఉంటాయి.

చీమకుర్తి చుట్టుపక్కల మనకు కుళాయి వచ్చినప్పుడు గాబు, డ్రమ్ములు నింపుకోకపోతే గడవదు. నీళ్లు పారబోయమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. పారబోయక్కర్లేదు. గురువారం సాయంత్రానికల్లా బట్టలకో, గేదెలకో, మొక్కలకో వాడేయండి. శుక్రవారం పొద్దున ఖాళీ గాబు లోపలి గోడలను కొబ్బరి పీచుతో గట్టిగా తోమండి. నీళ్లు మారిస్తే చాలదు. ఈ దోమ నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు గుడ్లు అంటించి పోతుంది. చూడ్డానికి నల్లటి నలుసులు, మసి అనుకుంటాం. గాబు ఎండినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలితే చాలు, పురుగులవుతాయి. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి తోమాలి. ఆశా కార్యకర్తలు చెప్పే శుక్రవారం డ్రై డే ఇదే. తోమాక నింపి, మూత లేకపోతే పాత పంచె బిగించి కట్టండి.

క్వారీ బళ్లు తిరిగే ఊళ్లు కదా, పాత టైర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఎనిమిదో తరగతి పిల్లలు బడి ప్రహరీ బయట పడి ఉన్న టిప్పర్ టైరులోంచి గ్లాసెడు వాననీళ్లు తెచ్చి సీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టారు. తలకిందులుగా వేలాడుతూ తోకతో గాలి పీల్చే సన్న పురుగులు అందులో బోలెడు. సీసా కదిపితే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయేవి. కొన్నాళ్లకే గుడ్డ కింద చారల కాళ్ల దోమలు! పిల్లలే వెళ్లి పంక్చర్ షాపాయన్ని అడిగితే, ఆయన టైర్లన్నీ రేకుల కిందికి చేర్పించారు. జరపలేని టైర్లకు కింద బెజ్జాలు పెట్టినా నీళ్లు నిలవవు.

ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, వాడని రోలు, కొబ్బరి చిప్పలు కూడా ఒకసారి చూసుకోండి.

సంక్రాంతి దాకా యూనిఫాం మీద ఫుల్ చేతుల చొక్కా వేసి పంపినా అభ్యంతరం లేదు. దోమల క్రీమ్ కాళ్లకు, చేతులకు మీరే రాయండి. చిన్నపిల్లల అరచేతులకు మాత్రం వద్దు, కళ్లలో పెట్టుకుంటారు. తలుపులు మూసిన గదిలో కాయిల్ వెలిగించకండి, ఆయాసం ఉన్న పిల్లలకు ఆ పొగ మంచిది కాదు.

జ్వరం వస్తే పారాసెటమాల్ ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దు. "ఒక ఇంజెక్షన్ వేయండి, తొందరగా తగ్గాలి" అని ఎవరినీ అడగకండి. డెంగీ అయితే నొప్పి ఇంజెక్షన్లతో రక్తస్రావం పెరగవచ్చు. బొప్పాయి ఆకు రసం మీద భారం వేసి ఇంట్లో కూర్చోవద్దు. నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగిస్తూ రక్తపరీక్ష చేయించండి. పగలు కూడా తెరలోనే పడుకోబెట్టండి, ఆ బిడ్డను కుట్టిన దోమ ఇంట్లో ఇంకొకరికి అంటించగలదు.

జ్వరం తగ్గిందని మర్నాడే బడికి పంపేయకండి. డెంగీలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగేటప్పుడే, మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు వస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, చల్లబడ్డ చేతులు, విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ముఖ్యంగా పదో తరగతి తల్లిదండ్రులకు చెబుతున్నాను: హాజరు గురించి టెన్షన్ పడకండి, పోయిన పాఠాలు మళ్లీ చెప్పించే బాధ్యత నాది.

ఈ శుక్రవారం పిల్లలు ఇంట్లో నీళ్లు నిలిచే చోట్లన్నీ చూసి నోట్‌బుక్‌లో రాస్తారు. దాని కింద మీరు సంతకం పెట్టి శనివారం సైన్స్ టీచర్‌కు పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు